డెర్బీకి తిరిగివచ్చిన పెద్దలు

రోల్స్-రాయిస్ అనగానే మనకు సంస్థానాధీశుల కార్లు తలపునకు వచ్చును. విమానపు ఇంజన్లు నిర్మించుటలోను ఆ సంస్థ అంతటి పేరు గాంచినది. అట్టి సంస్థ 1971 ఫిబ్రవరి 4వ తేదీన దివాలా ప్రకటించినది. ఇంగ్లండులోని డెర్బీ నగరమున పనిచేయు ఇంజనీర్లకు మరునాటి పని ఏమగునో తెలియలేదు.

లాక్‌హీడ్ వారి ట్రైస్టార్ విమానమునకై తలపెట్టిన ఆర్.బి. 211 ఇంజను ఖర్చే సంస్థను మ్రింగినది. కార్బన్ నారతో చేసిన ఫ్యాను రెక్కలు 1970లో పక్షి తాకిడి పరీక్షకు నిలువలేదు, టైటానియమునకు మారవలసివచ్చినది. ఇంజను చెప్పినంత బలము నీయలేదు. లోపల వేడియు హెచ్చు.

ప్రభుత్వము ఇంజన్ల శాఖను కొని ఆదుకొనినది. కాని సొమ్ము ఇంజనును చక్కబరుపదు గదా! ఆ భారము స్టాన్లీ హుకర్‌పై పడినది. ఆయన గణితవేత్త, యుద్ధకాలమున మెర్లిన్ ఇంజనుకు బలము పెంచినవాడు, ఇరువదియేండ్లకు పూర్వము యాజమాన్యముతో పొసగక డెర్బీ విడిచినవాడు. ఆయన చేసిన పనులలో ఒకటి మాకు మిక్కిలి నచ్చినది. సిరిల్ లవ్‌సీ, ఆర్థర్ రబ్రా అను మెర్లిన్ నాటి వృద్ధులను తోడు కూర్చుకొనెను. వారికి క్రొత్త పదవులపై ఆశ లేదు, పోవునను భయము లేదు. కనుక లోపమును లోపమని మొగమాటము లేక చెప్పగలరు. కుటుంబము చిక్కులోపడినపుడు మనము తాతగారిని అడుగుట లేదా?

వేడికి లోనగు టర్బైను భాగములను దిద్దుటలో వారి శ్రమ ఫలించినది. 1972 ఏప్రిలులో ట్రైస్టార్, ఆ ఇంజన్లు మూడింటితో, ప్రయాణికులను మోయసాగినది. మూడు ఇరుసుల ఆ కూర్పే నేటి ట్రెంట్ ఇంజన్లలోను కలదు.