కంచంలో వాటా



ఇవాళ పట్టభద్రులైన మీలో పోషకాహారం చదివినవారున్నారు. వ్యవసాయం, వాణిజ్యం, కంప్యూటర్లు చదివినవారూ ఉన్నారు. ఎవరు ఏ కొలువుకు వెళ్లినా పూటపూటా తినక తప్పదు కాబట్టి, ఇవాళ తిండి గురించే మాట్లాడతాను.

మన దేశంలో చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారనీ, దాని గడప దగ్గర నిలబడినవాళ్లు మరో 13 కోట్లకు పైనే ఉన్నారనీ భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో లెక్క చెప్పింది. ఒకప్పుడు దీన్ని కలిగినవాళ్ల జబ్బు అనేవాళ్లం. ఇప్పుడు కూలికి పోయే సన్నటి మనిషికీ వస్తోంది. దీనికి కారణాల్లో ఒకటి పుట్టుకలోనే ఉంది. పుణె దగ్గరి పల్లెల్లో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం పసిపిల్లల్ని కొలిచి చూసింది. బరువు తక్కువగా పుట్టిన ఆ బిడ్డల్లో కండ తగ్గింది కానీ కొవ్వు పెద్దగా తగ్గలేదు. కండ తక్కువైన ఒంట్లో అన్నం నుంచి వచ్చిన గ్లూకోజు ఖర్చయ్యే చోటూ తక్కువే. తరతరాలుగా కరువు చూసిన మన రాయలసీమకు ఇది ఎంత దగ్గరి మాటో మీకు వేరే చెప్పనక్కరలేదు. తాతల ఆకలి మనవళ్ల రక్తంలో చక్కెరగా తేలే ప్రమాదం ఉంది. అందుకే మన కంచం మిగతావాళ్ల కంచం కంటే జాగ్రత్తగా ఉండాలి.

మన కంచం కథ వానతో మొదలవుతుంది. ఈ అనంతపురం పీఠభూమి మీద ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాన్ని పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనం కోస్తా దాటి ఇక్కడికి వచ్చేసరికి సత్తువ ఉడిగిపోతుంది. ఇది తెలిసిన మెట్టరైతు ఏ ఒక్క పంటనూ నమ్మలేదు. కొర్ర, జొన్న సాళ్ల నడుమ కంది, అలసంద, అనుము వేశాడు. చివరి వానలకు ఉలవలు చల్లాడు. ఒకటి ఎండినా ఇంకొకటి ఇల్లు చేరేది. చేనిలో ఉన్నదే కంచంలోకి వచ్చేది. సంగటి ముద్ద పక్కన ఉలవచారో, అనపగింజల కూరో, గట్ల మీద గిల్లుకొచ్చిన గురుగాకు పప్పో ఉండేది.

పాత తిండంతా అమృతమని నేననను. దక్కనులో జొన్న తప్ప మరేమీ దొరకని పేదలకు పెల్లగ్రా అనే పోషకలోపపు జబ్బు వచ్చేది. ఆ సంగతిని 1960లో గోపాలన్, శ్రీకాంతియా అనే శాస్త్రవేత్తలు హైదరాబాదు నుంచే లోకానికి చెప్పారు. ఏ గింజైనా ఒంటరిగా తింటే కీడే. కాపాడింది కలయిక.

తర్వాత ఆ కలయిక చెదిరింది. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయలకు బియ్యం ఇచ్చింది. ఆకలి ఎరిగిన ఇల్లు ఆ బియ్యాన్ని చిన్నచూపు చూడదు, చూడకూడదు. లోటు ఎక్కడంటే, బియ్యం వచ్చినంత ధారాళంగా పప్పు రాలేదు. చేలల్లో కూడా వేరుశనగ పెరుగుతూ పోయింది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో అది ఏడు లక్షల హెక్టార్లు దాటిన ఏళ్లున్నాయి. కాయ మిల్లుకు పోయింది, కంచంలో అన్నం గుట్ట పెరిగింది, పక్కన చారు పలచబడింది.

ఇప్పుడు చిరుధాన్యాల గాలి వీస్తోంది. 2023ను ఐక్యరాజ్యసమితి వాటి సంవత్సరంగానే జరిపింది. సంతోషమే. అయితే కొర్ర బిస్కట్టు, రాగి నూడుల్స్ పొట్లాల మీద రాసినవన్నీ నమ్మకండి. మాత్రలు మానేసి అంబలి తాగమనేవాళ్లను అసలే నమ్మకండి. వైద్య పరిశోధన మండలి సర్వే 2025లో మరో సంగతి బయటపెట్టింది. మనవాళ్లకు అందే శక్తిలో 62 శాతం పిండిపదార్థం నుంచే వస్తోంది. తెల్లన్నం తీసేసి అంతే కొలత చిరుధాన్యమో గోధుమో పెడితే ముప్పు తగ్గిన జాడ కనబడలేదు. పిండిపదార్థంలో కొంత తగ్గించి ఆ చోట పప్పుల వంటి మొక్కల మాంసకృత్తులో, పాల మాంసకృత్తులో చేర్చిన లెక్కలో తగ్గింది. నేను మీకు చెప్పదలచుకున్నది ఇదొక్కటే. గింజ మారిస్తే చాలదు, గింజ వాటా తగ్గాలి.

పప్పు చేసే పని ఏమిటి? దానిలోని పిండి నెమ్మదిగా అరుగుతుంది. అరగకుండా మిగిలిన పీచును పెద్దపేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టి, ఒంటికి మేలుచేసే ఆమ్లాలుగా మారుస్తాయి. 1980ల మొదట్లో టొరంటోలో డేవిడ్ జెన్కిన్స్ బృందం ఒక విశేషం గమనించింది. ఒక పూట పప్పుగింజలు తింటే ఆ పూటే కాదు, తర్వాతి పూట భోజనానికి కూడా చక్కెర తక్కువగా పెరిగింది. పొద్దున తిన్న గుగ్గిళ్లు మధ్యాహ్నం అన్నానికి కూడా కాపలా కాస్తాయన్నమాట. అదే రాగిని మెత్తగా పిండి పట్టించి జావ కాస్తే చక్కెర తొందరగానే ఎక్కవచ్చు. ఏం తింటామన్నదే కాదు, ఎంత, ఎలా, దేనితో తింటామన్నదీ ముఖ్యం.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో రోజుకు 2000 కేలరీల కంచం కొలిచి చూపింది. ధాన్యం 250 గ్రాములు, పప్పులు 85, బాదం వంటి గింజలు 35, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400, పళ్లు 100. మాంసం, గుడ్డు తినేవాళ్లు పప్పుల వాటాలో కొంత వాటితో నింపుకోవచ్చు. ఆ 35 గ్రాముల గింజలకు మనం బాదం కొనుక్కోనక్కరలేదు. మన చెనక్కాయలే ఉన్నాయి. ఇన్నాళ్లూ నూనెకే పంపాం, కొంత ఊరుబిండికీ, ఉడకేసుకోవడానికీ మిగుల్చుకుందాం.

ఇక మీ పని. వ్యవసాయ పట్టభద్రులారా, వేరుశనగ సాళ్లలో కందిని, అలసందను తిరిగి నిలబెట్టండి. వానకు ముందే నవధాన్యాలు విత్తే ప్రకృతి సాగు ఈ జిల్లాలోనే జరుగుతోంది, వెళ్లి చూడండి. వాణిజ్యం చదివినవారు చెన్నేకొత్తపల్లి పోయి రండి. 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అక్కడి రైతులతో సహకార సంఘం కట్టించి, మెట్టపంటలకు మార్కెట్టు ఎలా వెతికిందో తెలుస్తుంది. పోషకాహారం చదివినవారు ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూర్చున్నా ‘కొర్రలు తినండి’ అని ఊరుకోవద్దు. ముద్ద ఎంత తగ్గించాలో, ఆ జాగాలో ఏ పప్పు పెట్టాలో, అది వచ్చినవాళ్ల ఇంటి కూలి డబ్బుకు అందుతుందో లేదో లెక్కేసి చెప్పండి. కందిపప్పు అందనప్పుడు ఉలవలున్నాయని గుర్తుచేయండి.

మిగిలినవారికీ పని ఉంది. రేపు మీరు అధికారులవుతారు, సర్పంచులవుతారు, తల్లులూ తండ్రులూ అవుతారు. హాస్టల్ మెనూ, బడి భోజనం, అంగన్‌వాడీ సరుకుల జాబితా ఎప్పుడో ఒకప్పుడు సంతకం కోసం మీ ముందుకు వస్తాయి. ఆ కాగితంలో బియ్యం ఎన్ని కిలోలో చూసి ఆగిపోకండి. పప్పు ఎన్ని కిలోలో అడగండి. తక్కువ ఉంటే, పెంచేదాకా సంతకం పెట్టకండి.