ముదిమికి పునాది



వార్ధక్యము తల నెరసిన నాడు ఆరంభమగునని మనము తలచుచుందుము. కాని దాని పునాది తల్లి గర్భముననే పడుచున్నదని ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ ప్రాంతపు పాత దస్తరములు తెలుపుచున్నవి. 1911 మొదలు అచటి మంత్రసానులు శిశువు పుట్టినతోడనే తూచి ఆ బరువును వ్రాసియుంచెడివారు. ఏడాది నిండునప్పటికి ఆరోగ్య కార్యకర్త ఇంటికి వచ్చి, మరల తూచి, తల్లిపాలు త్రాగెనా, సీసాపాలు త్రాగెనా, ఎన్ని పళ్లు వచ్చినవి అని ఆ వరుసలోనే చేర్చెడిది. ఆ స్త్రీల శ్రద్ధ నాకు పూజనీయముగా తోచును. డేవిడ్ బార్కర్ అను వైద్యుడును ఆయన సహచరులును ఆ పుస్తకములను శోధించి, పుట్టినప్పుడును ఏడాదినాడును బరువు తక్కువగా నుండిన పురుషులలో హృద్రోగ మరణములు అధికమని 1989లో ప్రకటించిరి. అటుపై, తక్కువ బరువుతో పుట్టినవారికి ముదిమిలో పిడికిలి పట్టు సైతము సడలియుండుట కానవచ్చినది.

అట్లని జన్మముతోనే సర్వమును నిర్ణయమైపోదు. తరువాతి తిండి, చదువు, శ్రమ, పొగాకు అన్నియు లెక్కలోనికి వచ్చును. మన హైదరాబాదు సమీపమునందలి 29 గ్రామములలో, 1987-90 నడుమ, సుమారు సగము ఊళ్లలోని గర్భిణులకును పసిపిల్లలకును ఉప్మా వంటి అనుబంధాహారము పెట్టిరి. ఆ పిల్లలు కౌమారమునకు వచ్చునప్పటికి, అది అందని గ్రామములవారికన్న 14 మిల్లీమీటర్లు ఎత్తు పెరిగిరి, వారి ధమనుల బిరుసు తక్కువగా నుండెను.

కావున, మీ యింట గర్భిణి యున్నచో, అందరి భోజనములు ముగిసిన పిమ్మట మిగిలినది కాక, మొదటి విస్తరి ఆమెకే వడ్డింపుడు.