సెల్లారులో తడిసిన కార్పెట్

పొదుపు లెక్కలు, అప్పుల వసూళ్ళు ఇప్పటిదాకా విన్నారు. మాకిచ్చిన కాసేపట్లో మేము కార్పెట్ గురించి మాట్లాడతాం. మనిళ్ళల్లో కార్పెట్లు ఎక్కడివమ్మా అని కొందరు నవ్వుతున్నారు. కొనేది మనం కాకపోవచ్చు. వరదొచ్చాక దాన్ని మోసేదీ ఉతికేదీ ఆరేసేదీ మాత్రం మనమే.

2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ మీదికి వచ్చింది. సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం వైపు రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. ఏ ఊళ్ళోనైనా వరదొస్తే అపార్టుమెంటులో ముందు నిండేది సెల్లారు, ఆఖరున ఖాళీ అయ్యేదీ అదే. చాలాచోట్ల వాచ్‌మన్ కుటుంబం కాపురం ఉండేది ఆ సెల్లారులోనే. పై ఫ్లాటువాళ్ళు పాతబడ్డాక ఇచ్చిన కార్పెట్టే ఆ పిల్లలకి పరుపు. నీళ్ళు తగ్గగానే "కాస్త సెల్లారు శుభ్రం చేసిపెట్టు" అని పిలిచేది కూడా మన సభ్యుల్నే. అందుకే ఈ మాట ఇక్కడ చెప్పాల్సి వచ్చింది.

పిలిచారని వెంటనే దిగకండి అక్కా. చాలా అపార్టుమెంట్లలో కరెంటు మీటర్లు, మోటారు అక్కడే ఉంటాయి. కరెంటు తీసేశామని తెలిసినవాళ్ళు చెప్పేదాకా నీళ్ళలో కాలు పెట్టొద్దు, నీళ్ళలో నిలబడి స్విచ్ ముట్టుకోవద్దు. సంపు మూత కొట్టుకుపోయి ఉండొచ్చు, లిఫ్టు గొయ్యి నీళ్ళ కింద కనబడదు. కర్రతో తడుముకుంటూ నడవాలి. నీళ్ళు తోడే ఇంజను సెల్లారు లోపల పెట్టి నడిపిస్తుంటే అసలు దిగొద్దు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగూ వాసనా ఉండవు, తల తిరిగి పడిపోయేదాకా తెలియదు. ఇంజను బయట పెట్టి, పైపు మాత్రం లోపలికి వేయమనాలి.

ఇక కార్పెట్ సంగతి. అది ఏ నీళ్ళతో తడిసిందో ముందు అడగాలి. ట్యాంకు పొంగో పైపు పగిలో మంచినీళ్ళు పడితే, ఒకటి రెండు రోజుల్లోపు ఎత్తి రెండు వైపులా ఆరబెడితే పనికొస్తుంది. ఆ గడువు దాటితే బూజు మొదలవుతుంది. పైన ఆరినట్టే ఉంటుంది, అడుగున ఉన్న స్పాంజి మాత్రం నీళ్ళు పట్టుకునే ఉంటుంది. ఆ స్పాంజి తీసి పారేయాల్సిందే.

మురుగు కలిసిన వరద నీళ్ళయితే మా మాట ఒకటే: స్పాంజి పరుపు, దూది పరుపు, దళసరి కార్పెట్ పారేయండి. ఎండబెట్టినా లోపలికి పోయిన మురుగు పోదు. పారేయడానికి మనసొప్పదని మాకూ తెలుసు. పరుపు కొనాలంటే ఎన్ని నెలల పొదుపో మనకంటే ఎవరికి తెలుసు? కానీ దాని మీద పడుకునేది పసిపిల్లలు. ఆయాసం ఉన్న పిల్లలకైతే బూజు మరీ చెడ్డది. ఇంకోమాట, పైవాళ్ళు "పారేస్తున్నాం, కావాలంటే తీసుకెళ్ళు" అంటే ఆ తడి కార్పెట్ ఇంటికి తెచ్చుకోకండి.

నూలు జంపఖానా, దుప్పట్లు, చీరలు దక్కుతాయి. బురద వదిలేదాకా జాడించి, వేడినీళ్ళలో సబ్బుపెట్టి ఉతికి, నేలమీద కాకుండా తాడు మీదో మంచం మీదో వేసి తిరగేస్తూ ఎండబెట్టాలి. ప్లాస్టిక్ చాపకి కడుగుడే చాలు.

పారేసే ముందు ఫోటో తీయండి. బుడమేరు వరదప్పుడు నీళ్ళు వచ్చిన కింది అంతస్తు ఇళ్ళకి 25,000 రూపాయలు, పై అంతస్తులకి 10,000 ప్రభుత్వం ప్రకటించింది. లెక్క రాసుకునేవాళ్ళు వచ్చేసరికి సామాను చెత్తబండి ఎక్కేసి ఉంటే, మన దగ్గర మిగిలేది ఆ ఫోటోయే.

తడిసిన కార్పెట్ ఒక్కరే ఎత్తితే నడుం పట్టేస్తుంది. కత్తితో పట్టీలుగా కోసి, చుట్టలు చుట్టి, ఇద్దరు పట్టుకుని తేవాలి. చేతులకి గ్లౌజులు, కాళ్ళకి బూట్లు ఇవ్వమని అడగండి. ఇది రోజూ ఇల్లు తుడిచే జీతంలో పని కాదు, కూలి వేరే మాట్లాడుకోండి. కాలికి పుండు ఉన్నవాళ్ళు అసలు దిగొద్దు. వరద నీళ్ళలో ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. దిగిన రెండు మూడు వారాల్లో జ్వరం, ఒళ్ళునొప్పులు వస్తే, వరద నీళ్ళలో పని చేశానని డాక్టరుకి తప్పక చెప్పండి.

నేల కడిగేటప్పుడు ముందు బురద, తరవాత సబ్బు, చివర బ్లీచింగ్. బురద మీద చల్లిన బ్లీచింగ్ దండగ. దాంట్లో బాత్రూం యాసిడ్ మాత్రం కలపొద్దు, విషవాయువు వస్తుంది. మూసిన సెల్లారులో అది ప్రాణం మీదికి తెస్తుంది.

నేల ఆరిందో లేదో కళ్ళతో చూసి చెప్పలేం. పాలిథీన్ కవరు ముక్క నేలకి నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచండి. తీసినప్పుడు కింద చెమర్చి ఉంటే ఇంకా పక్క పరచొద్దు.

మాది ఒక ప్రతిపాదన. వరదొచ్చినప్పుడు పక్కబట్టల కోసం అంతర్గత అప్పు అడిగినవాళ్ళని వరస చూడకుండా ముందు పెట్టాలి. వచ్చే నెల సమావేశానికి ప్రతి సంఘం తమలో సెల్లారులోనూ పల్లపు ఇళ్ళలోనూ ఉంటున్న సభ్యుల పేర్లు రాసుకుని రావాలి. ఆ కాగితాలు లీడర్లు మాకు అందజేయగలరు.