అడగకుండా నేర్పే మాస్టర్లు

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు సంగతి మీకు నేను కొత్తగా చెప్పాలా? ఎల్బీ నగర్ చౌరస్తా దాకా బస్సులు, ఆటోలు, కోచింగ్ సెంటర్లకి పరుగెత్తే పిల్లలు! 2018 సెప్టెంబరు 24న ఎల్బీ నగర్ నుంచి అమీర్‌పేటకి మెట్రో రైలు వచ్చాక దూరప్రయాణం సుఖపడింది. కాని స్టేషను దాకా వెళ్లడం, పిల్లల్ని బడి దగ్గర దింపడం, కూరలు తెచ్చుకోవడం, అత్తగారిని డాక్టరుకి చూపించి తీసుకురావడం, ఇలాటి దగ్గరి పనులకి మెట్రో మన గుమ్మం ముందుకి రాదు కదా! అందుకే చైతన్యపురి, కొత్తపేట, సరూర్‌నగర్, నాగోలు కాలనీల లోపలి రోడ్ల మీద తెల్లవారుతూనే ఎర్రటి ‘ఎల్’ అక్షరం అంటించుకున్న స్కూటీలు కనిపిస్తూంటాయి. వాటి మీద నలభై దాటిన ఇల్లాళ్లు కూడా ఉంటున్నారు. ఎంత ముచ్చటైన దృశ్యమో!

అయితే ఆ ముచ్చటకి అడ్డు తగిలే మనుషులు కొందరున్నారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు సుమండీ. నిజానికి మంచివాళ్లే. అడగకుండా నేర్పే మాస్టర్లు! ఇవాళ వాళ్ల గురించి, వాళ్లకి మనం ఎలా జవాబు చెప్పుకోవాలో దాన్ని గురించి నాలుగు మాటలు ముచ్చటించుకుందాం.

మీరు మీ బండి మీద మెల్లగా వెడుతూంటారు. ఆ సందులోనే డ్రైవింగ్ స్కూలు కారులో ఇంకెవరికో నేర్పుతున్న మాస్టారు కిటికీలోంచి తల బయటపెట్టి, “అమ్మా, ముందు బ్రేకు ముట్టుకోకండి!” అంటాడు. నాలుగు గజాలు వెళ్లేసరికి, ముప్పై ఏళ్లు స్కూటరు నడిపిన ఎదురింటి బాబాయిగారు, “కాళ్లు కింద ఆనించమ్మా, పడిపోతావు” అంటారు. మలుపులో వాచ్‌మన్, “కాళ్లు పైన పెట్టాలమ్మా” అంటాడు. ముగ్గురూ మన మేలు కోరినవాళ్లే. మూడు మాటలూ చెవిలో పడేసరికి చెయ్యి వణుకుతుంది, బండి వంకర పోతుంది. “చూశారా, నేను చెప్పానుగా!” అని ముగ్గురూ అంటారు.

నవ్వుకోవడానికి బాగానే ఉంది కాని, దీని పర్యవసానం చూడండి. కొన్న స్కూటీ మీద కవరు కప్పి, ఆ కవరు మీద దుమ్ము పేరుకుని, “నాకు రాదులెండి, నాకు భయం” అనే మాటతో ఆగిపోయిన ఆడవాళ్లు ఎంతమంది లేరు! వాళ్లకి రాక కాదు. నేర్చుకునే ఆ పదిహేను రోజుల్లో పదిమంది పది రకాలుగా చెప్పడంతో, తనకి తెలిసినదేదో తెలియనిదేదో తేల్చుకోలేక వదిలేశారు. ఆ వదిలెయ్యడంతో మళ్లీ ప్రతి చిన్న పనికీ ఆయన ఆఫీసునుంచి వచ్చేదాకా కాచుకోవడం, ఆటోవాడితో బేరాలాడడం తప్పలేదు. కనుక ఇది చిన్న విషయం కాదు.

అసలు అడగని సలహా మనని ఎందుకు తికమక పెడుతుంది? పాల్ ఫిట్స్, మైకేల్ పోస్నర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1967లో అచ్చయిన పుస్తకంలో, చేతిపని ఏదైనా మూడు మెట్లలో వస్తుందన్నారు. మొదటి మెట్టులో ప్రతిదీ ఆలోచించి చెయ్యాలి. రెండో మెట్టులో తప్పులు తగ్గి పని ఒక దారిన పడుతుంది. మూడో మెట్టులో ఆలోచన లేకుండానే చేతులు చేసుకుపోతాయి. మీరు చపాతీ ఒత్తేటప్పుడు కర్ర ఎటు తిప్పాలో ఆలోచిస్తారా? లేదు. కాని కొత్త కోడలు ఆలోచిస్తుంది. ఆ పిల్ల ఒత్తుతూంటే పక్కన నిలబడి, “అంచులు పలచగా, మధ్యలో నొక్కకు, పిండి ఎక్కువ చల్లకు” అని మూడు మాటలు ఒక్కసారి అంటే, చపాతీ ఆస్ట్రేలియా పటంలా వస్తుంది. మొదటి మెట్టు మీద ఉన్నవాళ్ల మనసులో ఒక్క మాటకే చోటు. స్కూటీ అయినా అంతే.

ఇంకో సంగతి వినండి. మంచుకొండల మీద కాళ్లకి పొడుగాటి పట్టీలు కట్టుకుని జారే స్కీయింగ్ అనే ఆట ఉంది కదా, మన దేశంలో గుల్మార్గ్‌లోనూ, ఔలీలోనూ ఆడతారు. అక్కడ నేర్పే మాస్టర్లు కూడా దారినపోయే వాళ్లకి “మోకాళ్లు వంచండి” అని అడగని పాఠం చెప్పేస్తూంటారట. మన సందులో మాస్టారికి ఆ కొండమీది మాస్టారు అన్నగారన్నమాట! ఆ ఆటని ఇంటిలోపలే అభ్యాసం చేసే ఒక యంత్రం మీద గాబ్రియేల వుల్ఫ్ అనే శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు చేసిన ప్రయోగం 1998లో అచ్చయింది. కొందరిని “మీ పాదాల మీద దృష్టి పెట్టి నొక్కండి” అన్నారు. కొందరిని “పాదాల కింద ఉన్న చక్రాల మీద దృష్టి పెట్టి నొక్కండి” అన్నారు. రెండింటికీ మధ్య దూరం ఎంతో లేదు. అయినా చక్రాల మీద మనసు పెట్టినవాళ్లే బాగా నేర్చుకున్నారు. పాదాల సంగతి చెప్పించుకున్నవాళ్లు, అసలు ఏమీ చెప్పించుకోని వాళ్లకంటె కూడా మెరుగు పడలేదు.

దీనివల్ల మనకి తెలిసేదేమిటి? “మోచెయ్యి సడలించు, భుజం దించు, మడమ ఇలా పెట్టు” అని ఒంటి గురించి చెప్పే సలహా కంటె, “ఆ వేపచెట్టు వైపు చూస్తూ వెళ్లు” అని బండి చేరవలసిన చోటు గురించి చెప్పే సలహా ఎక్కువ పనికొస్తుంది. ముందు చక్రం కేసి చూస్తూ నడిపితే బండి ఊగుతుంది, దూరంగా చూస్తే తిన్నగా పోతుంది. ఇది రేపే పరీక్షించి చూసుకోండి.

ఇక సలహాలన్నీ ఒక్కలాటివి కావు. బియ్యంలో రాళ్లు ఏరినట్టు వీటిని మూడుగా ఏరుకోవాలి.

మొదటిది, ప్రమాదం చెప్పే మాట. “అమ్మా, కొంగు చక్రంలో పడుతోంది!”, “స్టాండు తియ్యలేదు!”, “హెల్మెట్ పట్టీ ఊడింది!” ఈ మాట ఎవరు చెప్పినా, ఎంత కసిరి చెప్పినా, వెంటనే బండి ఆపి సరిచేసుకోవాలి. ఇక్కడ అభిమానం పనికిరాదు. చున్నీ అయినా కొంగు అయినా బండెక్కేముందే దోపుకుని బయల్దేరితే ఆ మాట అనిపించుకునే అవసరమే ఉండదు.

రెండవది, పద్ధతి గురించిన మాట. ఇందులో నిజం ఉండవచ్చు, ఉండకపోవచ్చు. అందుకని “ఎందుకండీ?” అని ఒక్క ప్రశ్న వెయ్యండి. ముందు బ్రేకు సంగతే తీసుకుందాం. బండి ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. అందుచేత బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. అసలు ముట్టుకోవద్దన్న సలహా పాటిస్తే, అవసరం వచ్చినప్పుడు బండి ఎక్కువ దూరం పోయి ఆగుతుంది. అయితే ఇసక మీదా, తడి మీదా, మలుపులోనూ ఆ బ్రేకు ఒక్కదాన్నే గట్టిగా పట్టేస్తే చక్రం జారిపోతుంది. కాబట్టి బండి తిన్నగా ఉండగా, రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా మొదలుపెట్టి బిగించడం సరైన పద్ధతి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకూ ఉన్న కొత్త బళ్లకి రెండు చక్రాల బ్రేకులూ కలిసి పనిచేసే ఏర్పాటుగాని, ఏబీఎస్ గాని ఉండాలని నిబంధన పెట్టారు. చాలా స్కూటీలలో ఎడమచేతి బ్రేకు పట్టుకుంటే ముందు చక్రానికి కూడా కొంత బ్రేకు పడేది అందుకే.

మరి బాబాయిగారు తప్పు చెప్పారా? పాపం, ఆయన నేర్చుకున్న బండి వేరు. బజాజ్ చేతక్ లాటి పాత స్కూటర్లలో ఎడమచేతి కింద ఉన్నది క్లచ్, వెనక బ్రేకు కాలితో తొక్కాలి. గేర్లు లేని మన స్కూటీలో ఎడమచేతి కింద ఉన్నదే వెనక బ్రేకు. ఆయన సలహా ఆయన బండికి సరిపోతుంది. అలాగే కారు నేర్పే మాస్టారి చెయ్యి స్టీరింగుకి అలవాటుపడ్డది. కనుక ఎవరైనా పద్ధతి చెబితే, ఏ బండి మీద నేర్చుకుని చెబుతున్నారో కూడా చూసుకోవాలి.

కాళ్ల విషయమూ అంతే. బయల్దేరేటప్పుడూ, ఆగేటప్పుడూ కాలు నేలకి ఆనాలి. బండి కదిలాక కాళ్లు పైకి రావాలి. బాబాయిగారూ వాచ్‌మనూ చెరి సగం నిజం చెప్పారు!

మూడవది, ఉత్త వ్యాఖ్యానం. “ఆడవాళ్లకి బండి ఎందుకమ్మా?”, “ఈ వయసులోనా?” వీటికి జవాబు అక్కరలేదు. హారనుకి మనం జవాబు చెబుతామా?

సరే, పద్ధతి చెప్పేవాళ్లకి జవాబు ఎలా చెప్పాలి? కసరనక్కరలేదు, తల వంచనూ అక్కరలేదు. అపరిచితుడైన మాస్టారితో, “థాంక్సండీ మాస్టారూ, ఇవాళ మా మాస్టారు బ్రేకు ఒక్కటే అభ్యాసం చెయ్యమన్నారు” అని ముందుకి సాగిపోండి. ఎదురింటి పెద్దాయనతో, “బాబాయిగారూ, సాయంత్రం బండి ఆపి ఉన్నప్పుడు వచ్చి చూపించండి, నేర్చుకుంటాను” అనండి. ఆయనకి మర్యాద దక్కుతుంది, మీకు ఆ నిమిషంలో మనసు చెదరదు. నిజంగా తెలిసినవారైతే సాయంత్రం వస్తారు. కదిలే బండి మీద మాత్రం పాఠం వినవద్దు.

ఎవరైనా చెప్పకుండా హ్యాండిల్ మీద చెయ్యి వేస్తే, వెంటనే బ్రేకు పట్టి, కాలు ఆనించి, తాళం తిప్పి బండి ఆపెయ్యండి. “అన్నా, బండి మీద చెయ్యి వెయ్యకండి, నేను పడతాను” అని గట్టిగానే చెప్పండి. అది పొగరు కాదు, రక్షణ.

అన్నిటికంటె కష్టమైన మాస్టారు ఇంట్లో ఉంటారు! వెనక కూర్చుని, “బ్రేకు! బ్రేకు!” అని అరుస్తారు. ఆయనతో బయల్దేరేముందే ఒప్పందం చేసుకోండి. “ఏమండీ, ప్రమాదమైతే ‘ఆపు’ అని ఒక్కమాట అనండి. తక్కినవన్నీ ఇంటికొచ్చి కాఫీ తాగుతూ చెప్పండి.” ఆయన ఆ మాట నిలబెట్టుకుంటే మీ అదృష్టం. లేకపోతే ఇంకొక గురువుని చూసుకోండి. లెర్నర్ లైసెన్సుతో నడిపేటప్పుడు వెనక నేర్పేవారిని తప్ప ఇతరులని ఎక్కించుకోకూడదని నియమం ఉంది, కాబట్టి పిల్లల్ని మాత్రం అప్పుడే కూర్చోబెట్టుకోకండి.

లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న ముప్పై రోజుల తర్వాత పరీక్షకి వెళ్లవచ్చు. నాగోలు టెస్ట్ ట్రాక్ మీద మీరొక్కరే ఉంటారు. అక్కడ బాబాయిగారూ ఉండరు, మాస్టారూ ఉండరు. ఎవరి మాట ఎప్పుడు వినాలో, ఎవరి మాట సాయంత్రానికి వాయిదా వెయ్యాలో ఇప్పటినుంచే తేల్చుకున్నవారికి ఆ ఒంటరితనం భయం కలిగించదు.

చివరగా ఒక్క మనవి. రేపు మనకి బాగా వచ్చాక, సందులో ఇంకొక చెల్లెలు ‘ఎల్’ బోర్డుతో వంకరటింకరగా వెడుతూ కనిపిస్తుంది. మన నోరు ఊరుకోదు. అప్పుడు కొంగు చక్రంలో పడుతూంటే తప్ప ఏమీ అనకండి. పక్కకి తప్పుకుని ఆమెకి కాస్త దారి ఇవ్వండి, చాలు.