సూక్ష్మజీవుల లిపి – మన సంఘము కర్తవ్యము

(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



జీవితమంతయు బడిలో శబ్దములు, ధాతువులు, సంధులు బోధించి విశ్రాంతి గైకొన్న నన్ను సూక్ష్మజీవులను గూర్చి యుపన్యసింపుమని కార్యదర్శిగారు కోరుట కొందఱికి వింతగా దోపవచ్చును. కాని యీ శాస్త్రమును కొంత పరిశీలించిన పిమ్మట నిది నా వృత్తికి మిక్కిలి దూరమైనది కాదని గ్రహించితిని. ఇదియు నక్షరములను చదువు విద్యయే. పాఠభేదములను నిర్ణయించు విద్యయే. మన సంఘమందలి బాలురును, బాలికలును కొందఱీ విద్యలో డాక్టరు పట్టము వడసి, యటుపైని దేశాంతరములందును, స్వదేశమందును పరిశోధన సాగించుచున్నారు. వారు చేయు పని యెట్టిదో మన పెద్దలకు దెలియవలెనని నా కోరిక.

ప్రతి జీవకణమునందును డి.ఎన్.ఏ. యను పొడవైన గొలుసు కలదు. అందు నాలుగు విధములైన పూసలు మాత్రమే యుండును. శాస్త్రజ్ఞులు వానిని ఏ, టీ, జీ, సీ యని వ్యవహరింతురు. మన వర్ణమాలకు ఏబదియాఱక్షరములు; జీవలోకమునకు నాలుగే. ఒక ప్రాణియొక్క సమస్తలిపికి జీనోమని పేరు. 1995వ సంవత్సరమున అమెరికాదేశమందు క్రెయిగ్ వెంటర్, హామిల్టన్ స్మిత్ గారలును, వారి సహచరులును హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే యను సూక్ష్మజీవి లిపిని సాంతముగా జదివిరి. స్వతంత్రముగా జీవింపగల ప్రాణి లిపిని తుదివఱకు జదువుట యదియే ప్రథమము. అందలి యక్షరములు 18,30,137. 1998లో స్టీవర్ట్ కోల్ ప్రభృతులు క్షయరోగకారకమైన సూక్ష్మజీవి లిపిని వెల్లడించిరి. అందు సుమారు 44 లక్షల యక్షరములును, 4,000 దాపుగా జన్యువులును గలవు.

ఈ లిపిని చదువు విధమును వినుడు. వాడుకలో నున్న యంత్రములలో పెక్కులు కొన్ని వందల యక్షరముల తునకలను మాత్రమే చదువగలవు. ఒకే గ్రంథమునకు వంద ప్రతులు వ్రాయించి, వానినన్నిటిని ముక్కలుగా జించి, గుప్పవోసి, మరల నొక్క సరియైన ప్రతిని గూర్పుమన్న నెట్లుండునో యూహింపుడు. ఒక ముక్క చివరయు, వేఱొక ముక్క మొదలును గలియు చోటులను బట్టియే దానిని గూర్పవలెను. లక్షలకొలది తునకలను మనుష్యుడు చేతితో గూర్పజాలడు. కావున కంప్యూటరు సాయమున నీ పని సాగును. ఈ శాస్త్రమునకే బయోఇన్ఫర్మాటిక్స్ అని పేరు, జీవసమాచారశాస్త్రమని మనమనవచ్చును.

కూర్చుటతో పని ముగియదు. పోల్చుట యసలు పని. పూనానగరమందలి భండార్కరు ప్రాచ్యవిద్యాసంస్థవారు 1919లో నారంభించి 1966లో ముగించిన మహాభారత సంశోధిత ప్రతికై పండితులు పన్నెండు వందలకు పైబడిన వ్రాతప్రతులను సరిపోల్చిరి. రెండు ప్రతులలో నొక్కచోటనే, యొక్కతీరు తప్పు కానవచ్చెనేని, యా రెంటికిని మూలమొక్కటియని పండితుడూహించును. సూక్ష్మజీవియు విభజనము నొందునపుడెల్ల తన లిపికి ప్రతి వ్రాసికొనును; అరుదుగా నొక యక్షరము తప్పును. ఇరువురు రోగుల సూక్ష్మజీవులలో నవే తప్పులు గానవచ్చెనేని, రోగమొకరినుండి యొకరికి సోకెననియో, యిరువురికి నొక్కచోటనుండియే వచ్చెననియో శాస్త్రజ్ఞుడు తలపోయును. లేఖకుని ప్రమాదము పండితునకు వంశవృక్షమును జూపినట్లే, యీ తప్పులు వైద్యునకు రోగమార్గమును జూపును.

ఒక్క యక్షరమునకెంత బలమో చూడుడు. క్షయకు రిఫాంపిసిన్ ముఖ్యౌషధము. ఆ 44 లక్షల యక్షరములలో, ఆర్‌పీవోబీ యను జన్యువునం దొకానొకచోట సీ యుండవలసిన తావున టీ వచ్చిన చాలును; మందు వ్యర్థమగును. రోగి దినదినము మాత్ర మ్రింగుచునే క్షీణించును. పూర్వము దీనిని గుర్తించుటకు సూక్ష్మజీవిని పాత్రలో బెంచి, వారములకొలది వేచియుండవలసి వచ్చెడిది. ఈ జన్యువులోని యా కొద్ది భాగమును బరీక్షించి, రెండు గంటలలో ఫలితము దెలుపు ఎక్స్‌పర్ట్ అను పరీక్షను ప్రపంచ ఆరోగ్యసంస్థ 2010లో నామోదించినది. 2018లో ప్రకటితమైన యొక గొప్ప పరిశోధనయందు, పెక్కు దేశములనుండి సేకరించిన 10,209 క్షయసూక్ష్మజీవుల లిపులను బరిశీలించి, ముఖ్యములైన నాలుగు మందులలో నేది పనిచేయునో, యేది చేయదో లిపినిబట్టియే చాలవఱకు జెప్పవచ్చునని నిరూపించిరి. లోకమందలి క్షయరోగులలో నాల్గవవంతునకు దాపుగా మన దేశమందే యున్నారు. ఈ చదువు మనకు వినోదము గాదు, ప్రాణావసరము.

కుష్ఠురోగకారకమైన సూక్ష్మజీవి లిపి 2001లో వెలువడినది. ఆ సూక్ష్మజీవి తమిళనాడునందలి యొక రోగినుండి గ్రహింపబడినది. దాని లిపి జీర్ణించిన తాళపత్రగ్రంథము వంటిది. సుమారు 1,600 జన్యువులు పనిచేయుచుండగా, 1,100కు పైగా చెడిపోయి యానవాళ్లుగా మిగిలియున్నవి.

ఇట్టి పని యెవరు చేయుదురు? ఆచార్యుల పేరు పత్రికలలో వచ్చును. కాని రాత్రింబగళ్లు యంత్రము నెదుట గూర్చుండి, సూత్రములు వ్రాసి, తప్పులు దిద్ది, లిపులు పోల్చువారిలో ననేకులు డాక్టరు పట్టము వడసి, స్థిరోద్యోగము లేక, రెండు మూడేండ్ల గడువుగల యొడంబడికలపై పనిచేయు యువకులును, యువతులును. వీరినే పోస్ట్‌డాక్టరల్ పరిశోధకులందురు. గడువు తీరినతోడనే వేఱొక యూరు, వేఱొక దేశము. ముప్పది దాటిన బిడ్డను గాంచి బంధువులు "ఇంకను చదువేనా?" యని యడుగుదురు. సంబంధము చూడవచ్చినవారు "ఉద్యోగము స్థిరమా?" యని పెదవి విఱతురు. ఆడుబిడ్డలకీ బాధ రెట్టింపు. ఇందుచే మంచి పరిశోధకులు కొందఱు ఫలమందు వేళకే పని విడిచి, వేఱు జీవికకు బోవుచున్నారు.

మన యాంధ్రుల కీర్తియైన యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రము స్మరింపుడు. ఆయన 1922లో బోస్టనునగరము చేరుటకు సాయము చేయుదుమని మాట యిచ్చినవారిలో కాకినాడయందలి మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ యొకటి. 1930లో డాక్టరు పట్టము వడసిన పిదపను హార్వర్డునందాయనకు స్థిరమైన యాచార్యపదవి లభింపలేదు. 1940లో లెడర్లీ పరిశోధనాలయము చేరెను. అచట నాయన యాధ్వర్యవమున, బెంజమిన్ డగ్గరుగారు కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో లోకమునకు వెల్లడియైనది. టెట్రాసైక్లిన్ జాతి మందులలో నది మొదటిది. ఆ యేడే సుబ్బారావుగారు దివంగతులైరి. పట్టమునకును, ఫలమునకును నడుమ నెంత కాలము గడచెనో గమనింపుడు. విత్తిన దాతలలో నెందఱు పంటను జూచిరో!

కావున నా విన్నపము రెండు మాటలు. మన విద్యార్థివేతననిధి ఎం.ఎస్సి.తో నాగిపోవుచున్నది. ఏటేట నొకరిద్దఱు పరిశోధకులకైనను, ఒక యొడంబడిక ముగిసి వేఱొకటి లభించులోపలి నెలలకు జీవనభృతియు, ప్రయాణవ్యయమును, స్త్రీపురుషభేదము లేక యిచ్చునట్లు నిబంధనను సవరింపుడు. పరిశోధన యొక్కొకప్పుడు విఫలమగును. అది పరిశోధకుని దోషము గాదు. ఫలము జూపినగాని పైకము లేదను షరతు పెట్టకుడు. ఇక రెండవది: క్షయ సోకినవారిని దాచకుడు, వెలివేయకుడు. పరీక్ష చేయించి, వైద్యులు చెప్పినన్ని నెలలు మందు పూర్తిగా మ్రింగించుడు. సగములో విడిచిన మందు, రోగమునకు మందును జయించు నుపాయమును నేర్పును.

దేవాలయమునకు ధ్వజస్తంభము నిలిపిన దాతలు మనలో గలరు. సత్రములు గట్టించినవారు గలరు. నాలుగక్షరముల లిపిని జదువు మన బిడ్డలకు నిలువనీడ గల్పించుటయు నట్టి ధర్మమే. సవరణతీర్మానము నేటి సాయంకాలమే సభ ముందు వచ్చుచున్నది. దానిని మీరెల్లరు బలపఱుతురని నమ్ముచున్నాను.