సూదంటురాయి చెప్పే పాఠం



మన సంఘంలో ఇంజనీర్లకు కొదవ లేదు. అందుకే పిల్లలు అయస్కాంతం గురించి అడగగానే మన నోటికి ముందు సూత్రమే వస్తుంది. అమెరికాలో 2013లో వెలువడిన నెక్స్ట్ జనరేషన్ సైన్స్ స్టాండర్డ్స్ మాత్రం మిడిల్ స్కూల్ పిల్లలను వేరే పని చేయమంటున్నాయి: విద్యుత్ బలం, అయస్కాంత బలం దేనివల్ల పెరుగుతాయో, దేనివల్ల తగ్గుతాయో ప్రశ్నలు వేసి తేల్చుకోమంటున్నాయి.

ఒక ప్రయోగం చూద్దాం. ఇనుప మేకు, ఎనామెల్ పూసిన రాగితీగ, ఒక డబుల్ ఎ బ్యాటరీ, గుప్పెడు పేపర్ క్లిప్పులు చాలు. మేకుకు 20 చుట్లు చుట్టి, తీగ కొనల మీద పూత గీకి, బ్యాటరీకి ఆనిస్తే మేకు క్లిప్పులను లాగుతుంది. మరి 40 చుట్లు చుడితే? రెట్టింపు అంటారు పిల్లలు. లెక్కపెట్టనివ్వండి.

అసలు పాఠం ఇక్కడే ఉంది. 40 చుట్లకు పొడుగు తీగ కావాలి. తీగ పొడుగైతే నిరోధం పెరుగుతుంది, కరెంటు తగ్గుతుంది. ఒకటి మార్చామనుకుని రెండు మార్చామన్నమాట! రెండుసార్లూ ఒకే పొడుగు తీగ వాడి, చుట్టగా మిగిలినది మేకుకు దూరంగా వదిలేస్తే మారేది చుట్ల సంఖ్య ఒక్కటే. చివర్లో మళ్ళీ 20 చుట్లతో చూస్తే బ్యాటరీ నీరసించిందేమో తెలుస్తుంది. ఈ కిటుకు పిల్లలకు తట్టేదాకా ఓపిక పట్టడమే మన పని.

జాగ్రత్తలూ చెప్పాలి. తీగ వేడెక్కుతుంది కనుక కొద్ది సెకన్లకే తీసేయాలి. గోడ ప్లగ్గు జోలికి అసలు పోకూడదు.

కరెంటు పారే తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదలడం 1820లో ఓర్‌స్టెడ్ గమనించాడు. పుస్తకాల బైండింగు పని నేర్చుకున్న ఫారడేకి గణితం పెద్దగా రాదు. అయినా కదిలే అయస్కాంతం తీగచుట్టలో కరెంటు పుట్టిస్తుందని 1831లో చేసి చూపాడు. మాక్స్‌వెల్ సమీకరణాలు ఆ తరువాత వచ్చాయి. చూపు ముందు, సూత్రం వెనుక.

మన భాషలోనూ అంతే. సూదిని అంటుకునే రాయిని చూసినవారే దానికి సూదంటురాయి అని పేరు పెట్టారు. పిల్లలకు ఆ మాట కూడా నేర్పుదాం.

మార్కులు ఎలాగైనా వస్తాయి. "ఎందుకు" అని అడగడం ఈ వయసులో మానేస్తే మళ్ళీ అలవాటు చేయడం కష్టం. ఈ వారాంతం ఒక్క గంట పిల్లలతో కూర్చోండి. జవాబు చెప్పే ముందు, "నువ్వేమనుకుంటున్నావు?" అని అడగండి.