గోత్రాల పట్టికలో జరిగిన తప్పు, దిద్దిన తీరు

(వార్షికోత్సవ సభలో కుటుంబ వివరాల నమోదు బృందం తరఫున చేసిన ప్రసంగం)



మన కుటుంబాల వివరాలు కంప్యూటర్‌కెక్కించే పని మాకప్పగించారు. అందులో మేం చేసిన ఒక తప్పు ముందు చెప్పుకుంటాం. సోలాపూర్ అబ్బాయికి, సేలం అమ్మాయికి మన జాబితా చూసే సంబంధం కుదిర్చారు. గోత్రాలు వేరని అందులో ఉంది. తాంబూలాలకు రెండు రోజుల ముందు అమ్మాయి నాయనమ్మ ఆరా తీస్తే తేలింది, ఇద్దరిదీ కౌశిక గోత్రమే! ఒకచోట 'కౌశిక' అని, ఇంకోచోట 'గౌసిక' అని ఎక్కింది. తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం కదా, అక్కడి కాగితం చూసి రాసినవారు అలా చదివారు. మనకు ఒకటే, కంప్యూటర్‌కు రెండు గోత్రాలు. రెండు ఇళ్ళవాళ్ళూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ.

నియమం లేక కాదు. ఫారంలో గోత్రాన్ని జాబితాలోంచే ఎంచుకోవాలని పెట్టాం. కానీ శాఖలు పంపిన ఎక్సెల్ ఫైళ్ళను ఫారంతో పని లేకుండా నేరుగా ఎక్కించేశాం. వీధి తలుపుకు గడియ పెట్టి, దొడ్డి తలుపు తీసి ఉంచినట్టయింది.

పట్టికల డేటాబేస్‌కు 1970లో పునాది వేసిన ఎడ్గర్ కాడ్, 1985లో చెప్పిన నియమాల్లో ఇదొకటి: సమాచారం సక్రమంగా ఉండాలన్న షరతులు డేటాబేస్‌లోనే ఉండాలి, దాన్ని వాడే ప్రోగ్రాముల్లో కాదు. జకార్డు మగ్గం నేసేవారికి ఇది కొత్త కాదు. బుటా అట్టల్లో ఉంటుంది. మగ్గం మీద ఎవరు కూర్చున్నా అదే బుటా పడుతుంది.

ఇప్పుడు గోత్రాలకు వేరే పట్టిక, ఒక్కోదానికి ఒక నంబరు. కుటుంబ వివరాల్లో ఆ నంబరే. పట్టికలో లేని నంబరు ఏ దారిన వచ్చినా డేటాబేస్ తీసుకోదు. ఏదైనా కుటుంబం ఆ నంబరుతో ఉండగా గోత్రాన్ని తుడిచేయడమూ కుదరదు. 'గౌసిక' లాంటి రూపాలన్నీ అదే నంబరు కింద రాసిపెట్టాం, వెతికితే దొరుకుతాయి. ఏ రెండు పేర్లు ఒకటే అన్నది మాత్రం కంప్యూటర్ చెప్పదు, పెద్దలే చెప్పాలి. ఎవరు, ఏ రోజు చెప్పారో కూడా నమోదు చేస్తున్నాం.

గోత్రం తెలియనివాళ్ళకు 'తెలియదు' అని రాసే వీలుంచాం. కొందరికి నచ్చలేదు. ఆ వీలు లేకపోతే జనం ఏదో ఒకటి నింపుతారు, ఆ తప్పును పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

ఇంటిపేర్ల సంగతి ఇంకా తేలలేదు. తెలుగునాట పేరు ముందు అక్షరం ఇంటిపేరుది, తమిళనాడులో ఎక్కువగా తండ్రి పేరుది. మహారాష్ట్రలో ఇంటిపేరు చివర, నడుమ తండ్రి పేరు. మేం అందరికీ 'ఇనీషియల్' అని ఒకే గడి పెట్టాం! దాన్ని రెండుగా విడదీస్తున్నాం. భోజనాలయ్యాక సేలం, కోయంబత్తూరు వాళ్ళు మా బల్ల దగ్గరికి వచ్చి మీ ఇంటిపేరు పూర్తిగా చెప్పి వెళ్ళండి. నాయనమ్మలు వస్తే ఇంకా మంచిది.